సర్టిఫికెట్ తర్వాత మొదలయ్యే చదువు: ఫండ్ ఆఫీసు వెనక బల్లకు ఏమేం తెలిసుండాలి?

సంక్షిప్తంగా: 2024 నుంచి కేవైసీ, మూలధన లాభాల పన్ను, నామినేషన్, ఇన్సూరెన్స్ నిబంధనలు ఒకదాని వెంట ఒకటి మారిపోయాయి. ఆర్థిక ప్రణాళిక ఆఫీసుల్లో ఫైళ్లు చూసే సిబ్బందికి పరీక్ష కోసం చదివింది సగానికి సగం పాతబడింది. ఖాతాదారుడి ప్లాన్ దెబ్బతినేది ఫండ్ ఎంపికలో కన్నా పేరులో, తేదీలో, ఎక్సెల్ గడిలో ఎక్కువ. అందుకే ఈ సిబ్బందికి అసలైన పాఠ్యపుస్తకం, తిరిగి వచ్చిన ఫారాలను రాసిపెట్టే రిజెక్షన్ రిజిస్టరే.

వెనక బల్ల మీద జరిగే పని

కర్నూలు కొండారెడ్డి బురుజు చుట్టుపక్కలైనా, అనంతపురం టవర్ క్లాక్ దగ్గరైనా, కడప ఏడు రోడ్ల కూడలిలోనైనా మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు అంటే ముందు గదిలో యజమాని, వెనక ఒకరో ఇద్దరో ఉద్యోగులు. బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఈ రెండోవారిని పారాప్లానర్ అంటారు. సలహాదారు ఖాతాదారుతో మాట్లాడతాడు, పారాప్లానర్ వివరాలు సేకరించి, లెక్కలు కట్టి, నివేదిక రాసి పెడతాడు. ఇక్కడ ఆ హోదా పేరు పెద్దగా వాడుకలో లేదు. బ్యాక్ ఆఫీస్ అనో, ఆపరేషన్స్ అనో అంటారు. పని మాత్రం అదే, పైగా ఫారం నింపడం, స్కాన్ చేయడం, బ్యాంకు చుట్టూ తిరగడం కూడా వీరి నెత్తినే.

చట్టం గీసిన గీత ఒకటి ముందే తెలిసుండాలి. డిస్ట్రిబ్యూటరుకు ఏఆర్ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, కమీషన్ ఫండ్ సంస్థ నుంచి వస్తుంది. ఫీజు తీసుకుని సలహా ఇచ్చేవారు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2013 నిబంధనల కింద ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజరుగా నమోదు కావాలి. ఆ నమోదు లేని డిస్ట్రిబ్యూటర్ తన పేరు కింద ‘వెల్త్ అడ్వైజర్’ అని రాసుకోకూడదని 2020 సవరణ చెబుతోంది. విజిటింగ్ కార్డు ముద్రించేది, వాట్సాప్ ప్రొఫైల్ పెట్టేది సాధారణంగా వెనక బల్ల ఉద్యోగే కాబట్టి ఈ తప్పు అక్కడే పుడుతుంది. అలాగే ఖాతాదారుకు ఫండ్ గురించి వివరించే ఉద్యోగికి సొంత ఈయూఐఎన్ (ఉద్యోగి గుర్తింపు నంబరు) ఉండాలి. ‘ఈ’ అక్షరం, దాని తర్వాత ఆరు అంకెలు. ఆ గడిలో యజమాని నంబరు వేసి మాట్లాడింది మాత్రం వేరొకరైతే, రేపు ఫిర్యాదు వచ్చినప్పుడు జవాబు చెప్పాల్సింది ఎవరన్నది చిక్కుముడిగా మారుతుంది.

పరీక్ష ఎంతవరకు పనికొస్తుంది?

ఫండ్ డిస్ట్రిబ్యూటర్లు రాసే ఎన్ఐఎస్ఎం సిరీస్ 5-ఏ పరీక్షలో 100 ప్రశ్నలు, 2 గంటల సమయం. 50 మార్కులొస్తే పాస్, తప్పు జవాబుకు కోత లేదు. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. గడువుకు ముందున్న 12 నెలల్లో సీపీఈ అనే శిక్షణ కార్యక్రమం పూర్తిచేస్తే పునరుద్ధరణ అవుతుంది, గడువు దాటితే మళ్లీ పరీక్షే. చాలామంది ఈ తేదీని ఏఆర్ఎన్ గడువుతో కలిపి ఒకటే అనుకుంటారు. రెండూ వేర్వేరు తేదీలు కావచ్చు.

ఫండ్ అంటే ఏమిటి, రిస్క్ ఎలా కొలుస్తారు, ఎవరి బాధ్యత ఏమిటి అన్నవి పరీక్ష నేర్పుతుంది. వచ్చిన ఫారం ఎందుకు తిరిగి వెళుతుందో నేర్పదు. నేర్పలేదు కూడా, ఎందుకంటే అందులో సగం కారణాలు ఈ ప్రాంతపు పేర్లకూ బ్యాంకులకూ పంటలకూ సంబంధించినవి.

పేరు దగ్గర ఆగిపోయే ఫైళ్లు

తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, పాన్‌లో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో ఇంటిపేరు చివర, బ్యాంకు పాస్‌బుక్‌లో అసలు ఇంటిపేరే లేకుండా ఉండటం మామూలు. పైగా ‘లక్ష్మి’ చివర ఇంగ్లీషులో ఒక చోట ఐ, ఇంకో చోట వై. మనిషి కంటికి ఒకటే, కంప్యూటరుకు ఇద్దరు వేర్వేరు మనుషులు. బ్యాంకు ఖాతాలో ఒక రూపాయి వేసి పేరు సరిచూసే పెన్నీ డ్రాప్ దగ్గర ఇది బయటపడుతుంది.

2024 ఏప్రిల్ 1 నుంచి కేవైసీకి మూడు స్థితులు ప్రధానంగా కనిపిస్తున్నాయి. ‘వాలిడేటెడ్’ అయితే ఏ ఫండ్ సంస్థలోనైనా కొత్తగా పెట్టుబడి పెట్టవచ్చు. ‘రిజిస్టర్డ్’ అయితే ఇప్పటికే ఉన్న సంస్థలో లావాదేవీలు నడుస్తాయి, కొత్త సంస్థకు వెళితే మళ్లీ పత్రాలు ఇవ్వాలి. ‘ఆన్ హోల్డ్’ అయితే కారణం సరిచేసేదాకా పని ఆగుతుంది. మొబైలో ఈమెయిలో ధ్రువీకరణ కాకపోవడం అందుకు తరచూ కనిపించే కారణం. ఊళ్లో ముగ్గురు నలుగురు ఖాతాదారులకు ఒకే ఈమెయిల్, అదీ ఆఫీసు ఈమెయిల్, ఇచ్చే పాత అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది. కొత్త ఖాతాదారు వచ్చి కూర్చోగానే చేయాల్సిన మొదటి పని, కేవైసీ రికార్డులు ఉంచే సంస్థ అయిన కేఆర్ఏ సైటులో పాన్ కొట్టి స్థితి చూడటం. ఫారం తర్వాత.

చిరునామాతోనూ పేచీ ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన తర్వాత డోన్, ఆళ్లగడ్డ నంద్యాల జిల్లాలోకి, ధర్మవరం, హిందూపురం శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. చాలా ఆధార్ కార్డుల్లో పాత జిల్లాయే ఉంది. ఫారంలో కొత్త జిల్లా రాసి, జతచేసిన పత్రంలో పాతది ఉంటే అభ్యంతరం రావచ్చు. పత్రంలో ఉన్నది ఉన్నట్టు రాయడమే సురక్షితం.

బ్యాంకు విలీనాలు ఇంకో మూల. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు అదే రోజు కెనరాలో కలిశాయి. కడప కేంద్రంగా నడిచిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మరో మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పాత ఫోలియోల్లో (ఫండ్ సంస్థ దగ్గరి ఖాతాల్లో) బ్యాంకు శాఖను గుర్తించే పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్ నిద్రపోతూ ఉంటుంది. డబ్బు వెనక్కి తీసుకునే రోజు, అదీ కూతురి పెళ్లి ముందో ఆస్పత్రి బిల్లు ముందో, అది నిద్ర లేస్తుంది.

మూడు గంటల లెక్క

ఈక్విటీ ఫండ్‌లో ఆ రోజు ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ ధర) రావాలంటే మధ్యాహ్నం 3 గంటల లోపు దరఖాస్తు చేరితే చాలదు. 2021 ఫిబ్రవరి 1 నుంచి, మొత్తం ఎంతైనా సరే, డబ్బు కూడా ఆ సమయానికి ఫండ్ చేతికి అందాలి. లిక్విడ్ ఫండ్‌కు గడువు 1.30. డోన్ నుంచి వచ్చిన ఖాతాదారు 2.40కి చెక్కు ఇస్తే ఫారం మీద 2.50 ముద్ర పడుతుంది. చెక్కు క్లియరై డబ్బు చేరిన రోజు ఎన్ఏవీ మాత్రమే వస్తుంది. ‘ఆరోజే ఇచ్చాను కదా’ అన్న గొడవకు మూలం ఇదే. నెట్ బ్యాంకింగ్‌లోనూ పేమెంట్ గేట్‌వే నుంచి ఫండ్ ఖాతాకు చేరేందుకు కొంత సమయం పడుతుంది కాబట్టి, మార్కెట్ పడిన రోజు మధ్యాహ్నం 2.30కి హడావిడిగా కట్టించడం మీద నమ్మకం పెట్టుకోకూడదు.

ఎవరి ఖాతా నుంచి డబ్బు వచ్చిందన్నది ఇంకో తనిఖీ. ఫోలియోలో మొదటి పేరున్న వ్యక్తి ఆ బ్యాంకు ఖాతాలో ఉండాలి. ఉద్యోగంలో చేరిన కొడుకు ఫోలియోకు తండ్రి చెక్కు ఇస్తే అది మూడో వ్యక్తి చెల్లింపు కింద తిరిగి వస్తుంది. మైనర్ పేరున ఉన్న ఫోలియోకు తల్లిదండ్రుల ఖాతా నుంచి కట్టవచ్చు, కానీ వెనక్కి వచ్చే డబ్బు మైనర్ పేరున్న ఖాతాకే వెళుతుంది. ఆ పిల్లవాడికి 18 నిండగానే ఫోలియోలో సంరక్షకుడి సంతకం చెల్లదు, సిప్ (నెలనెలా కట్టే వాయిదా పెట్టుబడి) ఆగుతుంది. అతడి పాన్, కేవైసీ, బ్యాంకు ధ్రువీకరించిన సంతకం ఇచ్చేదాకా కదలదు. మైనర్ ఫోలియోలన్నీ పుట్టినతేదీ వారీగా ఒక జాబితా చేసి, 18కి మూడు నెలల ముందు ఫోన్ చేసే ఆఫీసుకు ఈ సమస్య రాదు.

వేరుశనగ కాలం, సిప్ కాలం

నెలజీతం వచ్చేవారిని దృష్టిలో పెట్టుకుని పుట్టింది సిప్. అనంతపురం జిల్లా రైతుకు జూన్, జూలై, ఆగస్టుల్లో విత్తనం, ఎరువు, కూలీ ఖర్చులే తప్ప రాబడి ఉండదు. ఖరీఫ్ వేరుశనగ పీకేది అక్టోబరు, నవంబరుల్లో. నెలవారీ సిప్‌లో వరుసగా మూడు వాయిదాలు తప్పితే సిప్ దానంతట అదే రద్దవుతుంది. అంటే విత్తనాల కాలం సరిగ్గా సిప్‌ను చంపేంత పొడవు ఉంటుంది. ఫండ్ సంస్థ జరిమానా వేయదు గానీ, మ్యాండేట్ (ఖాతా నుంచి వాయిదా కోసుకోమని ఇచ్చిన అనుమతి) తిరిగి వచ్చిన ప్రతిసారీ బ్యాంకు రుసుము కోస్తుంది. నెలకు వెయ్యి రూపాయల సిప్‌కు ఆ కోత చిన్నదేమీ కాదు.

ఇక్కడ వెనక బల్లకు తెలిసుండాల్సిన దారి ఎస్‌టీపీ, అంటే ఒక ఫండ్ నుంచి ఇంకో ఫండ్‌కు క్రమం తప్పని బదిలీ. పంట డబ్బు వచ్చాక ఒకేసారి లిక్విడ్ ఫండ్‌లో వేసి, అందులోంచి నెలనెలా ఈక్విటీ ఫండ్‌కు మార్చడం. బ్యాంకు ఖాతా ఖాళీగా ఉన్నా వాయిదా ఆగదు. దీనికీ ఖర్చు ఉంది. ప్రతి మార్పిడి చట్టం దృష్టిలో లిక్విడ్ ఫండ్ అమ్మకమే, అందులోని చిన్న లాభం ఆదాయ శ్లాబు ప్రకారం పన్నుకు వస్తుంది. కొనుగోలు వైపు 0.005% స్టాంప్ డ్యూటీ పడుతుంది. ఈ రెండూ చిల్లరే, చెప్పకపోతే మాత్రం మార్చి నెలాఖరున స్టేట్‌మెంట్‌లో పన్నెండు అమ్మకాలు చూసి ఖాతాదారు బెదిరిపోతాడు.

ఆదోని పత్తి రైతుకైనా ఇదే సూత్రం. ప్రొద్దుటూరు బంగారం వర్తకుడి నగదు తిరిగే తీరు ఇంకో రకం. నెలజీతగాడి నమూనా ఫారం ముగ్గురికీ ఒకటే వాడితే తప్పు ఫారందే.

ఎక్సెల్‌లో దొర్లేవి

రెండు లెక్కలు చూస్తే చాలు.

ఏడాదిపాటు ప్రతి నెల మొదటి తేదీన 10,000 చొప్పున కట్టిన వ్యక్తికి ఏడాది చివర 1,27,000 కనిపించింది అనుకుందాం. కట్టింది 1,20,000. ‘5.8 శాతమే వచ్చింది, బ్యాంకు డిపాజిట్టే నయం’ అంటాడు. కానీ మొదటి పదివేలు మాత్రమే ఏడాదంతా పనిచేసింది, చివరిది ఒక్క నెలే. కట్టిన తేదీలను బట్టి ఏడాది రాబడి తేల్చే ఎక్సెల్ ఫార్ములా ఎక్స్ఐఆర్ఆర్ వేస్తే దాదాపు 10.9% వస్తుంది. ఈ ఫార్ములాలో తప్పు రావడానికి మామూలు కారణాలు మూడు. కట్టిన మొత్తాలకు మైనస్ గుర్తు పెట్టకపోవడం ఒకటి, అప్పుడు జవాబే రాదు. రెండోది తేదీ. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 05-07 అన్నది జూలై 5 కాకుండా మే 7 అవుతుంది, జవాబు వస్తుంది కానీ తప్పుది. కనిపించని తప్పు ఇదే. మూడోది మధ్యలో చేతికి వచ్చిన డివిడెండును లెక్కలో వేయకపోవడం.

రెండో లెక్క చదువు ఖర్చు. ఇవాళ 10 లక్షలయ్యే ఇంజినీరింగ్ చదువు, 12 ఏళ్ల గడువు, ఏటా 8% పెరుగుదల. అప్పటికి కావాల్సింది సుమారు 25.18 లక్షలు. ఏడాదికి 11% రాబడి అనుకుంటే నెలకు ఎంత? 11ని 12తో భాగించి నెలకు 0.9167% వేస్తే దాదాపు 8,406 వస్తుంది. కానీ అలా వేస్తే ఏడాదికి 11 కాదు, 11.57% అయినట్టు. ఏడాదికి కచ్చితంగా 11% వచ్చేలా నెల రేటు 0.8735% తీసుకుంటే 8,727 కావాలి. తేడా నెలకు 321 రూపాయలు. మొదటి లెక్క నమ్మి కట్టినవారికి 12 ఏళ్ల చివర సుమారు 93 వేలు తగ్గుతుంది. ఆన్‌లైన్ కాలిక్యులేటర్లలో చాలావి మొదటి పద్ధతినే వాడతాయి. ఏది వాడినా సరే, నివేదికలో ఏది వాడారో ఒక వరుస రాయాలి. రాయకపోతే వచ్చే ఏడాది సమీక్షలో వేరే ఉద్యోగి వేరే పద్ధతిలో లెక్కకట్టి, ప్లాన్ వెనకబడిందనో ముందుందనో అబద్ధం చెబుతాడు.

డేటా ఫైళ్ల సంగతి ఒక మాట. ఫండ్ సంస్థల తరఫున ఖాతాల రికార్డులు చూసే రెండు రిజిస్ట్రార్లు (ఆర్‌టీఏలు) క్యామ్స్ నుంచి డబ్ల్యూబీఆర్2, కేఫిన్‌టెక్ నుంచి ఎంఎఫ్ఎస్‌డీ201 అనే లావాదేవీల ఫైళ్లు రెండూ దించుకుని సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలి. ఒకటి మరిచిపోతే ఖాతాదారు ఆస్తిలో సగం మాయమైనట్టు కనిపిస్తుంది.

పన్ను: కొన్న తేదీ, అమ్మిన తేదీ

ఈక్విటీ ఫండ్ లాభంపై 2024 జూలై 23 నుంచి స్వల్పకాలానికి (12 నెలల్లోపు అమ్మితే) 20%, అంతకు మించిన దీర్ఘకాలానికి ఏడాదికి 1.25 లక్షలు దాటిన భాగంపై 12.5%. డెట్ ఫండ్‌ను 2023 ఏప్రిల్ 1న, ఆ తర్వాత కొన్నట్టయితే ఎన్నాళ్లు ఉంచినా లాభం శ్లాబు ప్రకారమే. పాఠం ఇక్కడితో అయిపోతే బాగుండేది.

సిప్‌లో ప్రతి వాయిదా విడి కొనుగోలు. 24 వాయిదాలు కట్టిన వారానికి మొత్తం తీసేస్తే మొదటి 12 దీర్ఘకాలం కిందికి, మిగతా 12 స్వల్పకాలం కిందికి వస్తాయి. ఆ చివరి 12 మీద, ఫండ్‌కు ఏడాదిలోపు 1% ఎగ్జిట్ లోడ్ (ముందే తీస్తే పడే కోత) ఉంటే, అదీ పడుతుంది. సగమే తీస్తే మొదట కొన్న యూనిట్లే మొదట పోతాయి కాబట్టి స్వల్పకాల పన్ను, ఎగ్జిట్ లోడ్ రెండింటినీ తప్పించుకోవచ్చు. ‘రెండేళ్లయింది కదా’ అన్న మాట వినగానే రిడెంప్షన్ (డబ్బు వెనక్కి తీసుకునే) ఫారం తీసే ఉద్యోగికీ, యూనిట్ల వారీ స్టేట్‌మెంట్ తీసే ఉద్యోగికీ తేడా ఇక్కడే. పన్ను ఆదా ఫండ్ ఈఎల్ఎస్ఎస్‌లో మూడేళ్ల లాక్ కూడా వాయిదా వాయిదాకూ విడిగానే.

అయోమయం ఎక్కువగా ఉన్నది ‘12 లక్షల దాకా పన్ను లేదు’ అన్న ప్రచారం దగ్గర. 2025-26 నుంచి కొత్త విధానంలో వచ్చిన ఆ రిబేటు, ప్రత్యేక రేట్లు ఉన్న మూలధన లాభాలకు వర్తించదు. వ్యవసాయ ఆదాయం సంగతీ అంతే. దానిపై నేరుగా పన్ను లేదు, కానీ అది 5,000 దాటి, ఇతర ఆదాయం కనీస పరిమితి మించితే, మిగతా ఆదాయంపై రేటు నిర్ణయించడానికి దాన్ని కలుపుతారు. దుకాణమూ పొలమూ రెండూ ఉన్న నంద్యాల వ్యాపారికి ఈ ఒక్క సంగతి వల్ల పన్ను మారిపోతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ నంబర్లు కూడా మారాయి. నంబర్లు బట్టీ పట్టినవారికన్నా పన్ను పడే తర్కం తెలిసినవారికి ఇబ్బంది తక్కువ.

కువైట్ ఫైళ్లు

కడప, రాజంపేట, రాయచోటి వైపు ఇళ్లలో కువైట్ సంపాదన మామూలు. ఇక్కడ రెండు చట్టాలు రెండు రకాలుగా మాట్లాడతాయి. విదేశీ మారక చట్టం ఫెమా ప్రకారం ఉద్యోగం కోసం దేశం దాటిన మనిషి వెళ్లినప్పటి నుంచే ప్రవాసి. ఆదాయపు పన్నుకు ఆ ఏడాది దేశంలో 182 రోజులు ఉన్నాడా లేదా అన్నది కొలత. కాబట్టి అక్టోబరు చివర విమానమెక్కినవాడు పన్నుకు ఆ ఏడాది రెసిడెంటే అయినా, అతడి సేవింగ్స్ ఖాతా ఎన్ఆర్ఓగా (ప్రవాసి దేశీయ ఆదాయపు ఖాతాగా), ఫోలియో ప్రవాస స్థితికి మారాలి. మార్చకుండా పాత సిప్ నడిపిస్తే లావాదేవీలు జరిగిపోతూనే ఉంటాయి, తప్పు కనిపించదు. అమ్మేటప్పుడు చిక్కు. ప్రవాసికి ఫండ్ సంస్థ టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి ఇస్తుంది, రెసిడెంటుకు కోయదు.

భర్త పంపిన డబ్బును భార్య తన పేరున పెట్టుబడి పెడితే, ఆ లాభం క్లబ్బింగ్ నియమం కింద భర్త ఆదాయంలో కలుస్తుంది. భర్త ఒక్కడి పేరున్న ఎన్ఆర్ఈ ఖాతా (విదేశీ సంపాదన జమయ్యే ప్రవాసి ఖాతా) నుంచి భార్య ఫోలియోకు కడితే మూడో వ్యక్తి చెల్లింపు అవుతుంది. ఈ రెండూ తెలియక నింపిన ఫారాలు ఆ ప్రాంతపు ఆఫీసుల్లో కట్టలుగా ఉంటాయి.

మరణం తర్వాత

నామినీ ఉంటే మరణ ధ్రువపత్రం, నామినీ కేవైసీ, రద్దుచేసిన చెక్కుతో పని చాలావరకు సాగుతుంది. లేకపోతే తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వారసుల నిరభ్యంతర పత్రాలు, పెద్ద మొత్తమైతే కోర్టు పత్రం దాకా వెళుతుంది. నామినీయే హక్కుదారు అన్న నమ్మకం సరికాదు. వాటాల విషయంలో నామినేషన్ వారసత్వ చట్టాన్ని మించదని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరి సెబీ సర్క్యులర్ పదిమంది దాకా నామినీలకు వీలిచ్చింది, ఒక్కొక్కరికి ఎంత శాతమో రాయవచ్చు. ముగ్గురికి 33, 33, 33 రాస్తే మిగిలిన ఒక శాతం ఎవరిదో ఫారం మీదే తేల్చాలి.

రిజిస్టరు ఎలా ఉండాలి

పెద్ద నోట్‌బుక్ చాలు, ఎక్సెల్ అయితే ఇంకా మేలు. తేదీ, ఫోలియో, ఏ లావాదేవీ, ఆర్‌టీఏ చెప్పిన కారణం ఉన్నది ఉన్నట్టు, అసలు కారణం, సరయ్యేందుకు పట్టిన రోజులు. చివర ఒక గడి: ‘ఇదే తప్పు ఇంకెన్ని ఫైళ్లలో ఉంది?’ నెలకోసారి గంటసేపు కూర్చుని ఎక్కువసార్లు వచ్చిన కారణం ఒకటి తీసుకుని, దానికి సంబంధించిన నిబంధనను ఆ గంటలోనే మూలపత్రంలో చదవాలి. ఏడాదికి పన్నెండు నిబంధనలు. ఆధార్ నకళ్లు మాత్రం ఈ రిజిస్టరులోకి, ఆఫీసు వాట్సాప్ గ్రూపులోకి రాకూడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చిన్న ఆఫీసుకూ వర్తిస్తుంది.

ఆ చివరి గడి పనిచేసే తీరు ఇది. ఆంధ్రా బ్యాంకు పాత కోడ్ వల్ల ఒక రిడెంప్షన్ తిరిగి వచ్చింది. ఆ ఒక్కటి సరిచేసి ఊరుకోకుండా, ఖాతాదారుల మాస్టర్ ఫైలులో ఏఎన్‌డీబీతో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీలన్నీ ఫిల్టర్ చేయాలి. ఇరవై మూడు పేర్లు వచ్చాయనుకుందాం. ఇరవై మూడు ఫోన్లు, కొత్త పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో, బ్యాంకు మార్పు ఫారం. ఎవరికీ డబ్బు అవసరం పడని మామూలు వారంలో చేస్తే రెండు రోజుల పని.